తలుపు దగ్గర ఆగిన నవల

గ్రంథాలయం వెనక గదిలో పుస్తకాలకు అట్టలు కట్టే మనిషిని అందరూ జిగురు బాబాయి అనేవారు. మైదా జిగురు ఆయన గోళ్ళను ఏ సబ్బుకీ వదిలేది కాదు. ఇరవై రెండేళ్ళలో కొన్ని వేల పుస్తకాలు కుట్టాడు గానీ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే, "టైలరు కుట్టిన గౌన్లన్నీ తనే వేసుకు తిరుగుతాడా ఏంటి?" అనేవాడు.

ఆ ఏడాది లైబ్రేరియన్ మేడం గురువారం సాయంత్రం పాఠకుల కూటానికి ఒక పాత జపాన్ నవల అనువాదాన్ని ఎంచుకుంది. గ్రంథాలయంలో ఉన్న నాలుగు ప్రతులూ పురుగు పట్టి, అట్టలు ఊడి వేలాడుతున్నాయి. జిగురు బాబాయి ఆ నాలుగింటినీ విప్పి, పదహారేసి పేజీల మడతలైన ఫారాలను విడదీసి, ఒక్కరోజులో మళ్ళీ కుట్టి, గట్టి అట్టలు వేసి ఇచ్చాడు.

కథ చిన్నదే. గొడుగులు బాగుచేసుకునే ఒకాయన, ఎప్పుడో మాట పట్టింపుతో విడిపోయిన భార్య దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడగాలనుకుంటాడు. అనుకుంటూనే మూడు వందల పేజీలు గడిపేస్తాడు. ఆఖరికి మంచు కురుస్తున్న ఒక సాయంత్రం ఆమె గుమ్మం ముందు నిలబడతాడు. 'తలుపు మీద చెయ్యి వేశాడు. చెక్క చల్లగా ఉంది.' అంతే, పుస్తకం అయిపోయింది.

కుర్చీలు సర్దడానికి వచ్చిన జిగురు బాబాయి, ఆ గురువారం జరిగిన రభస అంతా గోడకానుకుని విన్నాడు.

"అసలు గొప్పతనమంతా అక్కడే ఉంది. తలుపు తెరుచుకుందా లేదా అన్నది రచయిత చెప్పడు. మనం మోయాలి ఆ బరువు!" అన్నారు రిటైరైన హెడ్మాస్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"నాకు మోసే ఓపిక లేదండీ. ఆపరేషన్ బల్ల మీద మనిషిని పడుకోబెట్టి, కుట్లెయ్యకుండా డ్యూటీ దిగిపోయినట్టుంది," అంది ఆసుపత్రి నర్సు.

"లోపలికే వెళ్ళుంటాడు లెండి," అన్నాడు వీధి చివర టైలరు. "నూటపదో పేజీలో చెప్పాడుగా, ఆ కోటుకి అస్తరు లేదని. అస్తరు లేని కోటుతో మంచులో ఎంతసేపని నిలబడతాడు?"

"సాహిత్యాన్ని అస్తరుతో కొలవకయ్యా!" అని హెడ్మాస్టారు మండిపడి, ఈ ముగింపు మీద తానొక వ్యాసం రాసుకొచ్చి వచ్చేవారం చదువుతానని ప్రకటించారు. పేరు కూడా అప్పటికప్పుడే పెట్టేశారు, 'మూసిన తలుపు' అని.

మర్నాడు జిగురు బాబాయి తన గదిలో పుస్తకాలు బిగించే ప్రెస్సును జరపబోతే అది ఒక పక్కకి ఒరిగింది. వంగి చూశాడు. ఎగుడుదిగుడు నేల మీద అది కదలకుండా కాలి కింద తానే ఏవో మడతలు పెట్టిన సంగతి గుర్తొచ్చింది. లాగి చూస్తే నాలుగు ఫారాలు. నాలుగూ ఒకటే. ఒక్కోటి పదహారు పేజీలు. మొదటి వాక్యం చదివాడు: 'తలుపు లోపలినుంచి తెరుచుకుంది.'

తాను కుట్టిన నాలుగు ప్రతుల ఆఖరి ఫారాలూ ఇక్కడే ఉండిపోయాయన్నమాట. తర్వాత నిలబడిన చోటే పదహారు పేజీలూ చదివేశాడు. భార్య తలుపు తీసి, "వచ్చావా? ముందా తడి చెప్పులు బయట వదులు" అంటుంది. క్షమాపణ చెప్పడానికి ఆయన నోరు తెరిచేలోపు, కప్పు కారుతోందని నిచ్చెన చేతికిస్తుంది. ఆయన మంచులో పైకెక్కి పెంకులు సర్దుతుంటే, ఆమె కింద నిచ్చెన పట్టుకుని, ఇన్నేళ్ళ తిట్లూ ఏకబిగిన తిడుతుంది. నవలలో ఆఖరి మాట ఆమెదే: "ఇంకొంచెం ఎడమకి."

జిగురు బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. వెంటనే మేడంకి చెప్పాల్సిందే. కానీ 'మూసిన తలుపు' తలుచుకుంటే కాళ్ళు ముందుకు పడలేదు. చెప్పకుండా నాలుగు రోజులు గడిపాడు. అయిదో రోజు మనసాగక, రక్తపోటు చూపించుకునే నెపంతో ఆసుపత్రికి వెళ్ళి, ఒక ఫారాన్ని నర్సు చేతిలో పెట్టాడు.

ఆమె అక్కడే చదివి, మూతికి చెంగు అడ్డం పెట్టుకుంది. "బాబాయ్, నువ్వు మామూలోడివి కాదు!"

"మేడంకి చెబుదామనే అనుకున్నానమ్మా..."

"గురువారం దాకా నోరెత్తకు. నేను చూసుకుంటా."

గురువారం హెడ్మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పద్నాలుగు పేజీల వ్యాసం చదివారు. మూసిన తలుపంటే మనిషి అంతరాత్మ అన్నారు. చల్లటి చెక్క అంటే మృత్యువు అన్నారు. మేడం చప్పట్లు కొట్టింది. టైలరు కూడా, మృత్యువు సంగతి తనకి తట్టనే లేదని ఒప్పుకున్నాడు.

అప్పుడు నర్సు గొంతు సవరించుకుంది. "నాకైతే ఆవిడ తలుపు తీసి, చెప్పులు బయట వదలమని చెప్పుంటుందనిపిస్తోంది మాస్టారూ. కప్పు బాగుచెయ్యమని నిచ్చెన కూడా ఇచ్చుంటుంది."

హెడ్మాస్టారు జాలిగా నవ్వారు. "అమ్మా, ఇది మహా రచయిత రాసిన నవల. ఆయన కలంలోంచి నిచ్చెనలూ చెప్పులూ రావు."

"వస్తే?"

"వస్తే నా వ్యాసం నేనే చింపేస్తా!"

నర్సు సంచిలోంచి ఫారం తీసి ఆయన ముందు పెట్టింది. హెడ్మాస్టారు కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ చదివారు, రెండోది చదివారు. టైలరు ఆయన భుజం మీదుగా తొంగిచూసి, "చెప్పానా, లోపలికెళ్ళాడు!" అని కేకేశాడు. మేడం మాత్రం ఫారం వైపు చూడలేదు. తిన్నగా గోడకానుకున్న జిగురు బాబాయి వైపు చూసింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"పోయిన శుక్రవారం నుంచి మేడం. ప్రెస్సు కాలి కింద..."

"వారం రోజులా!" ఆమె కోపంగా అనబోయింది గానీ, పెదవులు మాట వినలేదు.

హెడ్మాస్టారు పదహారు పేజీలూ పూర్తిచేసి, ఫారం మూసి, తన వ్యాసం చేతిలోకి తీసుకున్నారు. చింపుతారేమోనని అందరూ ముందుకు వంగారు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు. "రచయిత పొరపాటు పడ్డాడు. మా బాబాయి చేసిన ముగింపే బావుంది. ఒక ప్రతిని ఇలాగే ఉంచాలి," అన్నారు.

మేడం కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. మూడు ప్రతులకు ఫారం కలిపి కుట్టాలి, నాలుగోది అలాగే ఉంటుంది. కానీ జిగురు బాబాయికి శిక్ష వేసింది. నవల మొత్తం చదివి, వచ్చే గురువారం అందరి ముందూ మాట్లాడాలి.

ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. మేడం కరగలేదు. వారమంతా ఆయన జిగురు వేళ్ళతోనే పేజీలు తిప్పాడు. మధ్యాహ్నం భోజనం చల్లారిపోయినా చూసుకోలేదు. అట్టలు కట్టాల్సిన పుస్తకాలు గుమ్మం దాకా పేరుకున్నాయి.

గురువారం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "నేను చివర ముందు చదివాను కదండీ. ఆవిడ తలుపు తీస్తుందని నాకు ముందే తెలుసు. మీ అందరికీ బరువెక్కిన చోట నాకు నవ్వొచ్చింది. ఇదిగో బయల్దేరాడు, ఇదిగో వెనక్కొచ్చాడు, గొడుగు మర్చిపోయానంటాడు, రేపెళ్తానంటాడు. ఓరి పిచ్చోడా, అక్కడ కప్పు కారుతోందిరా, తొందరగా వెళ్ళరా అని పేజీ పేజీకీ అరవాలనిపించింది."

నర్సు పకపకా నవ్వింది. టైలరు బల్ల చరిచాడు. హెడ్మాస్టారు మాత్రం జేబులోంచి పెన్ను తీశారు.

"ఏమోయ్, ఆ 'కప్పు కారుతోందిరా' అన్న ముక్క మళ్ళీ చెప్పు," అన్నారు. "రాసుకోవాలి."