పచ్చ లైటు

స్కాన్ సెంటర్లో సర్వర్ కాలిపోయింది. పక్క గదిలోని బ్యాకప్ పెట్టె, అందులోని స్కాన్ల నకళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త సర్వర్ తెచ్చి వాటిని ఎక్కించబోతే, పాత సిస్టం మీద తప్ప నడవనని వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ మొండికేసింది.

"పాత మిషన్ ఇంకోటి ఉండాలిగా సార్?" అంది కంప్యూటర్లు చూసే అమ్మాయి.

"దుమ్ము పట్టిపోతోందని మొన్నే తుక్కు కింద అమ్మేశానమ్మా," అన్నాడు మేనేజర్. "అయినా వారం వారం బ్యాకప్ పెట్టె మీద పచ్చ లైటు చూస్తూనే ఉన్నాంగా."

చూశారు, చూడక ఏం. ఒక్క ఫైలైనా వెనక్కి తీసి చూద్దామని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఫోన్ మోగింది. ఆ అమ్మాయే ఎత్తింది.

"మా అమ్మ నిరుటి స్కాన్ దొరికిందా అండీ? గడ్డ పెరిగిందో లేదో డాక్టరుగారు దాంతో పోల్చి చూడాలంట."

ఆమె తల తిప్పి చూసింది. పక్క గదిలో పచ్చ లైటు నిశ్చింతగా వెలుగుతోంది.

"భద్రంగానే ఉందండీ," అందామె.

"హమ్మయ్య," అన్నాడతను. "ఇప్పుడే వచ్చి తీసుకుంటాను."