పాత కార్డు మీద కొబ్బరి నీడ

పొద్దున్నే వాకిలి ఊడ్చి, కళ్లాపి జల్లి, ముగ్గు పెట్టి, గ్లాసుడు కాఫీ తాగేక రమణమ్మ గారు చేసే పని చెట్టు నీడ దులపడం. వీధరుగు పక్కనే పెద్ద కొబ్బరిచెట్టు. దాని నీడకి దుమ్ము పడుతుంది, చీమలు పడతాయి. ఆవిడ రెండు కొసలూ పట్టుకుని టపాటపా దులిపి మళ్లీ చెట్టు మొదట్లో పరిచేసేవారు. ఎవరికైనా కావలిస్తే చాపలా చుట్టి చేతికిచ్చేవారు.

పందిరి చాలని పెళ్లివారు పట్టుకెళ్లేవారు. ఒళ్లు కాలిపోతున్న చంటిపిల్లల మీద కప్పేవారు. చేపలమ్మే ధనరాజు తట్ట మీద దాన్ని పరుచుకుని నడివేసవిలో ఊళ్లన్నీ తిరిగొచ్చినా చేపలు కళ్లు మిటకరించి అతన్నే చూసేవి. ఒకసారి ఒక కొరమీను "ఇంకా ఎంత దూరం?" అన్నట్టు తోక కూడా ఆడించింది. ఆవిడ పెట్టే షరతు ఒక్కటే: దీపాలవేళకి నీడ తిరిగొచ్చేయాలి. నీడ ఎక్కువసేపు దగ్గర లేని చెట్టుకి మొదలు ఎండుతుంది, పిందె నిలవదు.

ఆ చెట్టు మాత్రం సామాన్యమైనదా? రాజోలు చుట్టుపట్ల కోట్ల చెట్లున్నాయి గానీ అలాంటిది లేదు. దాని బోండం ఒక్కటి కొడితే పెళ్లిబస్సు మొత్తం తాగి, డ్రైవరు రేడియేటర్లో కూడా పోసుకున్నాడు. దింపుకెక్కిన సత్తిరాజుకి పైనుంచి ఒకవైపు పలివెల గోపురం, ఇంకోవైపు సముద్రం కనబడ్డాయి. మూడోవైపు తిరిగేసరికి వాళ్ల అత్తగారిల్లు కనబడింది. గెల దింపకుండానే దిగిపోయేడు.

వీధికి అవతల, తూర్పు వరసలో, చెట్టుకి సరిగ్గా ఎదురుగా విజయకుమారి టీచరు గారి ఇల్లు. ఆవిడ కూతురు లిడియా. ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని, కట్టబోయే ఇళ్లకి ముందే బొమ్మలు తయారుచేసి అమలాపురం ఇంజనీర్లకి పంపేది. ఆ పిల్ల పనితనం సంగతి చెబితే కోతలంటారు. ఆమె చేసిన వంటింట్లో పాలగిన్నె చూసి ఎదురింటి పిల్లి దూకి, తెరకి ముక్కు గుద్దుకుని, వారం రోజులు ఆ వీధిలోకి రాలేదు!

ఆ కంప్యూటరులో బొమ్మల బరువంతా మోసేది గ్రాఫిక్స్ కార్డు. లిడియా దగ్గరున్నది పాతది. ఎత్తేసిన నెట్ సెంటరు నుంచి కొన్నది. కార్డుల లెక్కలో అది ముత్తాత. కొత్తది కొనే స్తోమతు అప్పటికి లేదు.

ఇలా ఉండగా హైదరాబాదులో బొమ్మల సినిమాలు తీసే కంపెనీ ఒకటి లిడియాని పనిలోకి తీసుకుంటామంది. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. కాకపోతే ఒక పరీక్ష. పొద్దున్న ఒక సీను పంపుతారు. అది ఆమె మిషను మీదే తయారై సాయంత్రం ఆరింటికల్లా వాళ్లకి చేరాలి. చేరితే ఉద్యోగం ఇక్కడే. చేరకపోతే హైదరాబాదు వచ్చి వాళ్ల ఆఫీసు మిషన్ల మీద చేసుకోవాలి. అంటే మళ్లీ హాస్టలు. లిడియా అక్కడ ఒక ఏడాది ఉండొచ్చింది. కిటికీ తీస్తే ఇంకో హాస్టలు కిటికీ. ఆ ఏడాదంతా ఆమె ఒక్క బొమ్మ కూడా ఇష్టంగా వేయలేదు.

"ముత్తాత ఆరింటికి అందించగలడా?" అన్నారు విజయకుమారి గారు.

"మామూలు నడకైతే ఏడవుతుందమ్మా. కొంచెం అదిలించాలి."

కార్డు తయారుచేసిన కంపెనీ దానికో వేగం పెట్టి పంపుతుంది. ఆ వేగాన్ని జాగ్రత్తగా కాస్త దాటించి నడిపితే ఓవర్‌క్లాక్ అంటారు. పాత కార్డుతో ఆ పని చెయ్యాలంటే ముందు దాని ఒంట్లో బాగుందో లేదో చూడాలి. పరీక్షకి ముందురోజు లిడియా కంప్యూటరు విప్పి, అరుగు మీద చాప వేసి కార్డు బయటపెట్టింది. వీధి చివర పీచు మిల్లుంది. ఫ్యాన్ల సందుల్లోంచి లాగిన కొబ్బరిపీచు పేనితే నూతి చేదకి సరిపడా తాడు వచ్చింది, ఆ తాడుతో ఇప్పటికీ నీళ్లు తోడుతున్నారు!

రమణమ్మ గారి భర్త పెదబాబు గారు తుండుగుడ్డ భుజాన వేసుకుని చూడ్డానికొచ్చేరు.

"దీనికి జబ్బేమిటమ్మా?"

"జబ్బేం లేదండి తాతగారూ. పనెక్కువైతే తల వేడెక్కుతుంది. చిప్పు మీద మందు ఎండిపోయింది, కొత్తది రాయాలి. లోపలుంది, తెస్తానుండండి."

ఆమె పేస్టు గొట్టం వెతుక్కుని వచ్చేసరికి పెదబాబు గారు చేతులు తుడుచుకుంటున్నారు. చిప్పు అద్దంలా మెరుస్తోంది.

"ఏం చేసేరండీ?"

"తల వేడన్నావు కదా, కొబ్బరినూనె పెట్టేను. మన గానుగదే. కల్తీ లేదు."

"తాతగారూ!"

"కంగారెందుకే! మా ఎద్దు కొమ్ములకి రాస్తే ఏడాదంతా మెరిసేవి. దీనికేం రోగం?"

అవతలి అరుగు మీంచి రమణమ్మ గారు కేకేసేరు. "ఆయన్ని ఇవతలికి పంపెయ్యమ్మా! మొన్న సైకిలు చైనుకి రాస్తానని సీటుకి కూడా రాసేరు. రెండుసార్లు జారిపడ్డారు."

"ఒక్కసారే," అన్నారు పెదబాబు గారు.

లిడియా నవ్వాపుకుని స్పిరిటుతో నూనె అంతా తుడిచి, కందిగింజంత పేస్టు పెట్టి, కార్డు బిగించేసింది. అప్పుడు అసలు పని మొదలెట్టింది. తెర మీద కనబడే వేగం పుల్లని మౌసుతో ఒక్క పిసరు ముందుకి జరపడం, బరువైన బొమ్మ ఒకటి తిప్పి చూడడం, వేడి ఎంతుందో చూసుకోవడం, బాగుంటే మళ్లీ ఒక పిసరు. కరెంటు వోల్టేజి జోలికి మాత్రం పోలేదు. పాత కార్డులు సామాన్యంగా మాడేది అక్కడే. కాసేపటికి తెర మీద ఆవాలు జల్లినట్టు చుక్కలు లేచేయి. వెంటనే రెండడుగులు వెనక్కి తగ్గించి, అక్కడ పెన్సిలుతో గీత గీసినట్టు మనసులో గుర్తు పెట్టుకుంది.

"ఇంతేనండి దీని సత్తా. ఇంతకి మించి అడక్కూడదు."

మర్నాడు పొద్దున్న సీను వచ్చింది. వరద నది, విరిగిపడుతున్న గట్టు, నీటి మీద వాన. చినుకు చినుకుకీ లెక్క కట్టాలి. తొమ్మిదింటికి లిడియా పని మొదలెట్టింది. నిన్నటి గుర్తు దగ్గర నడిస్తే ఆరుకి ఇంకా కాస్త ఉండగా అయిపోతుందని కంప్యూటరు చూపించింది. విజయకుమారి గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని వంటింట్లోకెళ్లేరు.

కానీ అవి రోహిణీ కార్తె ఎండలు. ఆ ఏడు ఎండకి గోదావరిలో చేపలు గట్టెక్కి చెట్లకింద కూర్చున్నాయి. పదకొండయ్యేసరికి గది పొయ్యిలా అయింది. కార్డు హద్దు దాటి వేడెక్కిందంటే తన నడక తనే తగ్గించేసుకుంటుంది. ప్రాణం కాపాడుకునే తెలివి దానికి పుట్టుకతోనే పెట్టేరు. ఆరుకి అవ్వాల్సిన పని ఏడున్నర అని చూపించింది.

లిడియా ఫ్యాన్లు పెంచింది. కంప్యూటరు పక్కపలక తీసి బల్లఫ్యాను ఎదురుగా పెట్టింది. వీచేదే వేడిగాలైతే ఎంత వీచితే ఏం లాభం? చివరికి వీధి దాటి వెళ్లింది.

"మామ్మగారూ, నీడ ఒకసారి ఇస్తారా?"

"దానికి అడగడమేమిటే! తీసుకెళ్లు," అని రమణమ్మ గారు చుట్టిచ్చేరు.

మిట్టెండలో నీడ పొట్టిగా, చిక్కగా, బరువుగా ఉంది. లిడియా చంకన పెట్టుకుని తెచ్చి కంప్యూటరు మీద పరిచింది. గుడ్డ కప్పితే గాలాడదు గానీ నీడకా ఇబ్బంది లేదు. మట్టలు సన్నగా ఊగుతుంటే కార్డు వేడి దిగడం మొదలెట్టింది. తెర మీద ఎనభై డిగ్రీలు దాటిన ముల్లు అరవైకొచ్చింది. గదిలో చీమలు కూడా నిమ్మళంగా నడిచేయి. పని మళ్లీ ఆరు లోపుకొచ్చింది.

పెదబాబు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "చల్లబడిపోయింది కదా, ఇంకొంచెం తోలవమ్మా. నాలుగింటికే పంపేసి వాళ్ల నోళ్లు మూయించెయ్యి!"

"వేడొక్కటే కాదండి, దానికీ ఓపికుండాలి కదా. చెట్టుకింద కట్టేం కదా అని ముసలెద్దు చేత రెండు బళ్లు లాగిస్తారా మీరు?"

"లాగించేను ఒకసారి."

"ఏమైంది?"

పెదబాబు గారు తుండుతో మొహం తుడుచుకున్నారు. "ఆ సంగతెందుకులే ఇప్పుడు."

రెండు దాటేక బయట ధబ్బున ఏదో పడింది. కాసేపటికి మరోటి. లిడియా కిటికీలోంచి చూసింది. ఎదుటి చెట్టు నిలువెత్తు ఎండలో, కాళ్లకింద చారెడు నీడైనా లేకుండా నిలబడి ఉంది. కింద పిందెలు. రమణమ్మ గారు అరుగు మీద కూర్చుని వాటినే చూస్తున్నారు. పిలవలేదు, కేకెయ్యలేదు. పైట చెంగుతో ఒక పిందె తుడిచి పక్కన పెట్టేరు, అంతే. ఇంకోటి పడింది.

లిడియా కార్డు వేగం కంపెనీ పెట్టిన గీతకి తగ్గించేసింది. నీడ చుట్టడం మొదలెట్టింది.

"ఏం చేస్తున్నావే?" అన్నారు విజయకుమారి గారు గుమ్మంలోకొచ్చి.

"ఇచ్చేసొస్తానమ్మా."

"దీపాలవేళ దాకా ఉంచుకోమంది కదా ఆవిడ."

"ఆవిడంది. చెట్టనలేదు."

తల్లి గుమ్మంలోంచి పక్కకి జరిగి దారిచ్చేరు. ఎదురింటి గుమ్మం దగ్గర రమణమ్మ గారు మాత్రం కోప్పడ్డారు. "నాలుగు పిందెలు రాలితే ప్రాణం పోదు. నీ పని చూసుకోవే పిచ్చిదానా!"

"హాస్టల్లో ఉండలేక నేను వచ్చేసేను మామ్మగారూ. ఈ నీడకి తిరిగి రావడానికి కాళ్లు కూడా లేవు," అంది లిడియా. తనే వంగి నీడని చెట్టు మొదట్లో పరిచి, ముడతలు చేత్తో సవరించింది. పిందెలు రాలడం ఆగింది.

ఇంటికొచ్చి చూస్తే ఆరున్నర దాటుతుందని ఉంది. ఆమె బల్ల ముందు కూర్చుని తెర మీద వాన కురవడం చూస్తూ ఉండిపోయింది. విజయకుమారి గారు మజ్జిగ తెచ్చి పక్కన పెట్టేరు. "పోనీలే. ఈసారి కిటికీ బాగున్న హాస్టలు చూద్దాం," అన్నారు మెల్లిగా. పెదబాబు గారు పేపరు విసనకర్ర చేసి కంప్యూటరుకి విసిరేరు.

పొద్దు పడమటికి వాలుతోంది. వాలితే నీడలు తూర్పుకి సాగడం లోకంలో మామూలే. ఆవేళ అన్ని నీడలూ మామూలుగానే సాగేయి. రమణమ్మ గారి చెట్టు నీడ మాత్రం ముందు వీధి సగానికొచ్చింది. అటుగా పోతున్న ఆటో కోసం ఆగి, అది వెళ్లేక వీధి దాటింది. గడప దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది.

"రా, రా, లోపలికి రా," అన్నారు పెదబాబు గారు విసరడం ఆపి.

విజయకుమారి గారు దారిలో ఉన్న నీళ్ల బిందె పక్కకి జరిపేరు. నీడ గడప మీంచీ కిటికీ ఊచల్లోంచీ దిగి, నేల మీదుగా వచ్చి, బల్లెక్కి కంప్యూటరు మీద ఒద్దికగా పడుకుంది. దాని మొదలు చెట్టు దగ్గరే ఉంది. తల ఇక్కడుంది. అవతలి అరుగు మీద రమణమ్మ గారు తమలపాకుకి సున్నం రాసుకుంటూ ఇటుకేసి చూసి, మళ్లీ ఆకు చూసుకున్నారు.

కార్డు వేడి దిగింది. లిడియా వేగం పుల్లని నిన్నటి గుర్తు దగ్గరికి జరిపింది. ఆ పైకి పోలేదు. ఫ్యాన్లు సన్నగా ఈల వేస్తుంటే వరద నది ఒక్కొక్క అలే పూర్తవుతూ వచ్చింది. రావులపాలెం బస్సు మలుపులో హారను కొట్టేసరికి, ఆరు ఇంకా కొట్టకముందే, సీను హైదరాబాదుకి చేరిపోయింది.

మర్నాడు కంపెనీ నుంచి ఎవరో రాజేంద్రప్రసాద్ గారట, ఫోను చేసేరు.

"బాగా వచ్చిందమ్మా. ఏ కార్డు వాడేరు?"

లిడియా చెప్పింది.

"అంత పాతదా! ఈ ఎండల్లో ఎలా ఆగింది?"

"ఎదురింటివారి కొబ్బరిచెట్టు నీడ వచ్చిందండి."

"రోజూ వస్తుందా?"

"అడగలేదండి. అదే వస్తే వస్తుంది."

"సరే, వచ్చే టైము చూసుకుని చెప్పండి. బరువు సీన్లు అప్పుడు పంపుతాం," అన్నారాయన.

ఆ కంపెనీకి ఎన్నో దేశాల పనులున్నాయి, ఎన్నో దేశాల గడియారాలు గోడకి వరసగా వేలాడతాయి. ఇప్పుడు వాటి చివర, నీడ వచ్చే వేళకని ఇంకో గడియారం కట్టేరు. దానికి ముళ్లు లేవు, ఒక కిటికీ బొమ్మ ఉందంతే. లిడియా బల్లని పడమటి కిటికీ కిందకి జరుపుకుంది. పొద్దుట నెమ్మది పనులు చూసుకుంటుంది. మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, వీధికేసి చూస్తూ కూర్చుంటుంది. నీడ గడప ఎక్కేక బరువు పని మొదలెడుతుంది.