ఫకీర్ సాహెబ్ చేయి

మదనపల్లెలో ఫకీర్ సాహెబ్ కొట్టులో వేసే పెళ్లిపత్రికలకు పేరుంది. అరవై దాటినా కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు తానే కూర్చేవాడు. కుప్పంలో ఒక కాలేజీ కంప్యూటర్లు చూసుకునే ఆ వీధి కుర్రాడు లోకేష్, నిరుడు ఆయన కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ పెట్టిచ్చి, "ఇంక వైరస్ బాధ లేదు మామా" అని గొప్పలు పోయాడు.

ఈమధ్య మౌసు చక్రం తిప్పితే పేజీ కిందికి పోతూ పోతూ పైకి ఎగరసాగింది. సాహెబ్ ఫోన్ చేసినప్పుడల్లా లోకేష్ కుప్పంలో కూర్చునే ఇంటర్నెట్ ద్వారా సెట్టింగులు మార్చేవాడు. ఏదీ కుదరలేదు. తను పెట్టిన లినక్స్‌ను ఎక్కడ తిడతారోనని చివరికి నోటికొచ్చింది అనేశాడు.

"కంప్యూటర్ బాగుండాది మామా. నీ చేయే వణుకుతాండాది. వయసైపాయ గదా."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పత్రికల కోసం వచ్చినవాళ్లంతా విన్నారు.

ఆ రోజు నుంచి సాహెబ్ మౌసు ముట్టలేదు. నాన్న కొట్టు మూసేస్తానంటున్నాడని కూతురు రజియా ఫోన్‌లో ఏడిస్తే, లోకేష్ పుంగనూరు మీదుగా బస్సులో వచ్చాడు.

వచ్చి, చక్రం ఎటు తిరిగిందో తెరమీద చూపించే కమాండ్ కొట్టాడు. కిందికే తిప్పాడు. కిందికి, కిందికి, పైకి, కిందికి అని పడింది. తిప్పింది తన పాతికేళ్ల చేయి! రజియా పక్క కొట్టులోంచి ఇంకో మౌసు తెచ్చింది. అది తగిలించగానే అన్నీ కిందికే పడ్డాయి. మొదటి రోజే మౌసు మార్చి చూడమని చెప్పి ఉంటే సరిపోయేది. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెలే ఓడైతే ఈ మహానుభావుడు ఆడేవాడి కాళ్లకు వంక పెట్టాడు. సిగ్గుతో లోకేష్‌కు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాది మామా. మౌసు చక్రమే చెడిపోయిండాది. నీ చేతికేం కాలేదు. నాకు చెడ్డపేరొస్తాదని అట్లంటిని."

సాహెబ్ ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే లోకేష్ ప్రాణానికి హాయిగా ఉండేది. కొత్త మౌసు మీద చేయి వేయబోయి ఆగి, ఆ చేతిని వెలుతురులోకి చాచాడు సాహెబ్.

"వణుకుతాండాదా అమ్మా?" అని రజియాను అడిగాడు.

"లేదు అబ్బాజాన్."

"లేదు మామా, నిజంగా లేదు," అన్నాడు లోకేష్.

సాహెబ్ అతనివైపు తిరగలేదు. చాచిన చేయి చాచినట్టే ఉంచి, మళ్లీ కూతురినే అడిగాడు.

"బాగా సూడమ్మా."