పిలిస్తే వచ్చే బూట్లు

ఈ వృత్తాంతంలో సగం, సిద్దిపేట లాల్ కమాన్ దగ్గర బూట్ల దుకాణం నడిపిన రాధాకిషన్ చెప్పినది. తక్కిన సగం, బీడీలు చుట్టే దుర్గవ్వ అదే దుకాణం మెట్టు మీద కూర్చొని, గోడవైపు చూస్తూ చెప్పినది. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు నమ్మే మనుషులు కారు. అయినా రెండు సగాలూ అతుకు తెలియకుండా కలిశాయి కనుక విన్నవారు దీన్ని నిజంగానే తీసుకున్నారు.

తొంభైల తొలి సంవత్సరాల మాట. దీపాల వేళకు వాడలోని తల్లులు వాకిట్లోకి వచ్చి పిల్లలను పిలిచేవారు. పిల్లవాడు ఆటలో మునిగి వినకపోయినా, కాళ్లకున్న బూట్లు వింటాయి. మారు మాట లేకుండా ఇంటిదారి పడతాయి. పిల్లల బూట్ల తీరే అంత. పెద్దల చెప్పులకు ఆ గుణం లేదు. కొనేటప్పుడు తల్లులు కుట్టు చూసేవారు, అడుగు అట్ట వంచి చూసేవారు; ఈ సంగతి మాత్రం ఎవరూ అడిగేవారు కారు. గొడుగు వానకు ఆగుతుందా అని అడుగుతారు గానీ, తెరుచుకుంటుందా అని ఎవరడుగుతారు?

దుర్గవ్వ ఇంట్లో పిలవవలసిన పసివాళ్లు లేరు. ఒక్కతే కూతురు మణెమ్మ, ఇంటర్ చదివి పెళ్లీడుకొచ్చిన పిల్ల. అందుకే, తునికాకు కట్ట వెనక దాచిన పిల్లల పరుగు బూట్ల జత చేతికి తగిలిననాడు, దుర్గవ్వ ఒళ్లోని చాట దించి పక్కన పెట్టింది.

"గివి ఎవల పోరగానియే?"

"నాయే అవ్వా."

"పిల్లలయి గద."

"నా కాలుకు పట్టేటియి గవ్వే."

దుర్గవ్వ నమ్మలేదు. పిల్ల తెల్లవారకముందే లేచి కాలేజీ మైదానం వైపు పోతోంది. ఇప్పుడు పిల్లల బూట్లు. పెళ్లాం చనిపోయి, పసిబిడ్డ మిగిలినవాడెవడో పట్నంలో ఉండి ఉండాలి. ఇంటి పొయ్యి రాజుకునే లోపు ఆమె మనసులో ఆ మనిషికి మీసం కూడా మొలిచింది.

"మీసమున్నదంటున్నవు, పేరు గూడ నువ్వే పెట్టరాదు," అన్నాడు భర్త ఐలయ్య.

దుర్గవ్వ బూట్లను కొంగులో చుట్టుకొని రాధాకిషన్ దుకాణానికి వెళ్లింది. బిడ్డ పాదం చూడనిదే పిల్లల బూట్లు అమ్మని మనిషి ఆయన.

"సేటూ, ఈ జత కొన్నోడు ఎవడు?"

"ఎవడు కాదు, నీ బిడ్డే. నాకూ అనుమానమే వచ్చింది. పీట మీద కాలు పెట్టుమన్న. బడిపిల్ల పాదమే. ఆడోళ్లకు పరుగు బూట్లు రావాయె, మొగోళ్ల బూట్లేస్తే లోపట కాలు ఈతకొడ్తది, బొబ్బలొస్తయి."

"అయితే? పెద్దోళ్లకు పిల్లలయి అమ్ముతవా?"

"వద్దనే చెప్పిన. అట్ట పల్చన, నీ బరువుకు ఆగదన్న. ఇంకోటి గూడ చెప్పిన. మీ అవ్వ పిలిస్తే, ఏడున్నా అటు మర్రుతయి బిడ్డా అని. 'అవ్వకు తెల్వదు సేటూ, పోలీసు పరుగు అయిందాంక ఆగితే చాలు' అన్నది."

మీసాలవాడు మాయమయ్యాడు. ఆ స్థానంలో ఖాకీ టోపీ కనిపించింది, అది మరింత భయపెట్టింది. ఆ రోజుల్లో ఠాణా కొలువంటే, ఏ పొద్దు ఏ కబురు వస్తుందో తెలియని కొలువు. దుర్గవ్వ బూట్లను ఎక్కడివి అక్కడే పెట్టింది. కూతురితో తగవు దేనికి? పరుగు నడుమ ఒక్క పిలుపు చాలు.

మణెమ్మ కూడా ఆ తల్లి బిడ్డే. బూట్లు సంచిలో దాచి, రబ్బరు చెప్పులతో జిల్లా కేంద్రానికి బస్సెక్కింది. దుర్గవ్వ ఆ వెనక వచ్చిన బస్సు ఎక్కింది.

వెంట వచ్చినవారిని మైదానం చివర, పరుగు ముగిసే సున్నపు గీతకు అవతల, తాడు కట్టి నిలబెట్టారు. అక్కడ దుర్గవ్వ ఈల పట్టినవాణ్ణి నమ్మలేదు, గడియారం పట్టినవాణ్ణి నమ్మలేదు. ఈ జట్టులో ముందొచ్చిన ఒక్కతెనే తీసుకుంటారని పక్కాయన చెబితే, ఆయనకేం పని ఇక్కడ అని ఎగాదిగా చూసింది.

ఈల మోగింది. మణెమ్మ ముందుకొచ్చింది, అంతలో ఒక పొడుగు పిల్ల మోచేయి అడ్డం పెట్టి ఆమెను పక్కకు నెట్టింది. ఎవరూ గమనించలేదు. దుర్గవ్వ గమనించింది. ఇన్నాళ్లూ లేనివి అనుమానించిన కళ్లకు ఉన్నది ఒకటి దొరికింది. బిడ్డను ఆపడానికి మోసుకొచ్చిన పిలుపు గొంతులో సిద్ధంగానే ఉంది.

"ఓ మణీ, పొద్దుగూకింది, ఇంటికి రావే."

ఆమెకు తెలిసిన పిలుపు అదొక్కటే. చురుక్కుమనే ఎండలో జనమంతా తలెత్తి సూర్యుణ్ణి చూశారు. బూట్లు మాత్రం దుర్గవ్వ వైపు చూశాయి. మణెమ్మ పొడుగు పిల్లను దాటి, సున్నపు గీత దాటి, తాడు కింది నుంచి దూరి, తల్లి కాళ్ల దగ్గర ఆగింది.

తాను గీతకు అవతల ఉన్నానని తెలిసే దుర్గవ్వ పిలిచిందని రాధాకిషన్ అంటాడు. ఆ మాట దగ్గర దుర్గవ్వ గోడవైపు చూస్తుంది.

అధికారి బూట్లు విప్పించి, అట్ట నొక్కి, లోపల వేలు పెట్టి చూశాడు.

"పిలిచింది నువ్వేనా?"

"నేనే. బిడ్డను పిల్వొద్దని యాడన్న రాసున్నదా సారూ?"

ఆయన నిబంధనలన్నీ మనసులో తిరగేసి, బూట్లు తిరిగి ఇచ్చేసి, ముందొచ్చినదిగా మణెమ్మ పేరు రాసుకున్నాడు.

పొడుగు పిల్ల మరుసటి ఏడు ఎంపికైంది. కొలువులో మణెమ్మతో ఒకే గదిలో ఉండి, మోచేయి సంగతి ఒప్పుకోకుండానే స్నేహితురాలైంది. తనకు మొదటినుంచీ తెలుసునని ఐలయ్య కల్లు దుకాణంలో చివరిదాకా చెప్పుకున్నాడు. రాధాకిషన్ చిన్న పాదాల పెద్దవాళ్లకు పిల్లల బూట్లు అమ్మసాగాడు. కాకపోతే అట్ట వంచి చూపాక ఒక మాట అడిగేవాడు: "మీ అవ్వ ఏ దిక్కు నిలబడ్తది?"

మణెమ్మకు దూరపు ఠాణా దక్కింది. డిపార్టుమెంటువారు ఇచ్చినవి పెద్దల బూట్లు. దుర్గవ్వ ప్రతి సాయంత్రం వాకిట్లోకి వచ్చి పిలిచినా అవి వినవు. సెలవు దొరికినప్పుడు మణెమ్మ ఇంటికి వస్తుంది. బరువైన బూట్లు గడప దగ్గర విప్పి, ముందు చిరిగిన ఆ చిన్న జత తొడుక్కొని, మళ్లీ వీధి చివరిదాకా వెళ్లి నిలబడుతుంది.

"వచ్చింది, మళ్ల ఎటు పోయింది?" అని ఐలయ్య అడుగుతాడు.

 దుర్గవ్వ బీడీల చాట దించి, వాకిట్లోకి వచ్చి, పొద్దు ఎంత ఉందో చూస్తుంది.