అర అంగుళం తక్కువ

వేసవి సెలవుల్లో విహారానికి వచ్చి వాన పడాలని కోరుకున్న తండ్రి లోకం మొత్తం మీద అతనొక్కడే అయి ఉంటాడు. అతను దర్జీ. మూడు రోజుల కోసం భార్యనీ ఎనిమిదేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని ఆటల పార్కుకి వచ్చాడు. వచ్చిన పూట నుంచీ ముసురే. లాడ్జి కిటికీ దగ్గర నిలబడి “అయ్యయ్యో, ఇదేం వానండీ బాబూ!” అని పైకి విసుక్కుంటూనే, ఇంకాస్త గట్టిగా పడవే తల్లీ అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాడు.

ఎందుకంటే ఆ పార్కులో ఆకాశ ఊయల అని ఒకటుంది. పొడుగాటి ఇనుప చేతులు మనుషుల్ని బల్లతో సహా ఎత్తి, చెట్ల మీదుగా చెరువు మీదికి మెల్లగా ఊపి తీసుకొస్తాయి. ఎక్కాలంటే నలభై ఎనిమిది అంగుళాల ఎత్తుండాలి. కిందటేడు కూతుర్ని కొలకర్ర దగ్గర ఆపేసి వెనక్కి పంపారు. అంతమంది ముందు పిల్ల కిక్కురుమనలేదు. లాడ్జి గదిలోకి వచ్చాక దుప్పటి ముసుగేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. 

ఈసారి బయల్దేరే ముందు రోజు కొట్లో పిల్లని గోడకి ఆనించి టేపుతో కొలిచాడు. నలభై ఏడున్నర. “సరిపోయానా నాన్నా?” అని అడిగింది పిల్ల. “ఓ, భేషుగ్గా!” అనేశాడు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

ఆ టేపు అతనికి పని నేర్పిన ముసలాయన ఇచ్చింది. పాతికేళ్ళుగా అతని మెడలో ఉంది. భార్య మాటకైనా ఎదురు చెప్తాడు గానీ టేపు మాటకి ఎదురు లేదు.

“మన బుడంకాయ ఫ్రాకులన్నీ మోకాళ్ళ పైకి పోతున్నాయి. పిల్ల ఎదిగింది, చూసుకోండి,” అని భార్య చెప్తూనే ఉంది.

“ఎదగడం కాదే, ఉతికితే గుడ్డ కుంచించుకుపోయింది,” అన్నాడు ఆ మహానుభావుడు.

మొదటి రోజు పొద్దున వాన సన్నగా ఉంది. ఊయల నడుస్తూనే ఉంది. టిక్కెట్ల కిటికీ దగ్గర కనుక్కొస్తానని వెళ్ళి, అటూ ఇటూ తిరిగి, వెనక్కి వచ్చి, “వానకి కట్టేశారటమ్మా,” అన్నాడు. పిల్ల అతని ముఖంలోకి ఒకసారి చూసింది. “సరే నాన్నా,” అంది. అంతే, ఇంకేం అడగలేదు.

మధ్యాహ్నానికి వాన పెరిగి ఊయల నిజంగానే ఆగింది. అతని ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాతి రోజంతా ముగ్గురికీ కలలో తిరిగినట్టే గడిచింది. పార్కులో జనం లేరు. గుర్రాల రంగులరాట్నం ఎవరూ ఎక్కకపోయినా పాట పాడుకుంటూ తనంతట తనే తిరుగుతోంది. నీళ్ళ మడుగుల్లో దాని దీపాలు ఎర్రగా, పచ్చగా చెదిరి మళ్ళీ కలుస్తున్నాయి. పసుపు రంగు వానకోట్లు తొడుక్కుని పడవెక్కారు. ఆ పడవ చీకటి గుహలోంచి వాన తెరలోకి, వాన తెరలోంచి మళ్ళీ గుహలోకి పోతూనే ఉంది. దిగమని చెప్పేవాళ్ళు లేక నాలుగుసార్లు తిరిగారు. భార్య అతని భుజం మీద తలవాల్చి కునుకు తీసింది. పిల్ల చెయ్యి బయటికి చాపి చినుకులు పట్టుకుంటూ కూర్చుంది. సాయంత్రం గదిలో కుర్చీల వీపుల మీద, తలుపు గొళ్ళేనికి, ఫ్యాను కిందా తడిబట్టలే. ఈ వాన ఇలాగే ఉండిపోతే ఎంత బాగుణ్ణు అనిపించింది అతనికి.

మూడో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన ఆగింది. ఆకాశ ఊయల తెరిచామని మైకులో చెప్పారు. పిల్ల పరుగు. వెనక తల్లి. ఆ వెనక కాళ్ళీడ్చుకుంటూ ఇతను.

గేటు దగ్గరున్న అమ్మాయి పిల్లని కొలకర్రకి ఆనించి తల మీద చెక్క దించింది. “ఉందండీ. ఇంకా కొంచెం ఎక్కువే. వెళ్ళండి.”

“సరిగ్గా చూడమ్మా!” అన్నాడు దర్జీ. కన్నకూతురు పొట్టిదని వాదించడానికి దిగిన తండ్రిని ఆ అమ్మాయి వింతగా చూసింది.

ఊరొచ్చినా వెంట తెచ్చుకున్న టేపుని జేబులోంచి తీసి కొలకర్ర పక్కన పెట్టాడు. కర్ర మీద నలభై ఎనిమిది దగ్గర టేపు మీద నలభై ఏడుంబావే ఉంది. పాతికేళ్ళు లాగీ లాగీ టేపు సాగిపోయింది! మనుషుల్ని కొలిచిందీ దాంతోనే, గుడ్డ కత్తిరించిందీ దాంతోనే. అందుకే ఏ చొక్కా బిగుతు కాలేదు, ఏ లాగూ వదులు కాలేదు. తప్పు తప్పులో కలిసిపోయి ఇన్నేళ్ళూ బయటపడలేదు. కొలకర్ర దగ్గరికి కూతుర్ని ఒక్కసారి పంపి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. అతనికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

తల్లి కింద గొడుగు పట్టుకుని నిలబడింది. తండ్రీకూతుళ్ళు బల్ల మీద కూర్చున్నారు. ఒళ్ళో ఇనుప కడ్డీ వచ్చి పడింది. ఇంక ఉండబట్టలేకపోయాడు.

“బుడంకాయ్, మొన్న పొద్దున ఇది కట్టెయ్యలేదురా. నేను అబద్ధం చెప్పాను.”

“తెలుసు నాన్నా. చెట్ల సందులోంచి ఊగడం చూశా.”

“మరి అడగలేదేం?”

పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “నీకు ఎత్తంటే భయమేమోననుకున్నా. అమ్మ ముందు అంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా.”

 ఏడాదిగా కళ్ళల్లో పెట్టుకున్న ఊయలని ఈ పిల్ల తన కోసం వదులుకోవడానికి సిద్ధపడింది. తనకి ఎత్తంటే భయం లేదు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

“అవునమ్మా, భయమే,” అన్నాడు.

“కళ్ళు మూసుకో. నేనున్నాగా.” పిల్ల అతని చేతిని తన రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది.

బల్ల మెల్లగా లేచింది. సన్నగా మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. “ఇప్పుడు చెట్లు నాన్నా... ఇప్పుడు చెరువు, దాని మీద వాన పడుతోంది... అదుగో మన కిటికీ... అమ్మ గొడుగు ఇంతే ఉంది!” అని పిల్ల చెవి దగ్గర చెప్తూనే ఉంది. అతను కిందికి దిగేదాకా కళ్ళు తెరవలేదు.