తొమ్మిదీ పదికి ధర్మవరంలో

ఉదయం ఆరింటికి సాల్మన్ తన బేస్ గిటారు నాలుగు తీగలూ విప్పి, చుట్టలు చుట్టి, మరుగుతున్న నీళ్ళలో వేశాడు. కొత్త తీగలు కావాలంటే బెంగుళూరు పోవాలి. పాతవే పావుగంట ఉడికిస్తే జిడ్డూ చెమటా వదిలి, పదిరోజులపాటు కొత్తవాటిలా మోగుతాయి. రెండేళ్ళుగా అతను చేస్తున్న పనే ఇది.

"మళ్ళా నా చారు గిన్నేనా?" అంది అక్క ఎస్తేరు, జడ వేసుకుంటూ. ఆమె హిందూపురంలోనే నర్సు. ఏడున్నరకు డ్యూటీ.

"కడిగిపెడతాలే అక్కా."

"కడిగితే పోతాదా ఆ వాసన? మొన్న మన చారు తిని పక్కింటి పాపమ్మ ఏం పొడి వేసినావే అని అడిగె. ఏం చెప్పల్ల దానికి, గిటారు పొడి అనా?"

సాల్మన్ నవ్వలేదు. పొయ్యి దగ్గర్నించి వాకిలికీ, వాకిలి నుంచి పొయ్యి దగ్గరికీ అప్పటికే ఆరుసార్లు తిరిగాడు.

అతనికి యాభై ఒకటి. బెంగుళూరులో ఒక రాక్ బ్యాండులో ఇరవై రెండేళ్ళు బేస్ వాయించాడు. ఆరు క్యాసెట్లు వచ్చాయి. ఆరింటి అట్టల మీదా అతను కుడి చివర, సగం మొహంతో ఉంటాడు. ఆరో క్యాసెట్లో అతని వాయింపును ఎంత తగ్గించారంటే, అది విన్న ఎస్తేరు "ఆ పొద్దు నువ్వు సెలవు పెట్టింటివా?" అని అడిగింది. మరుసటి వారమే బ్యాండు వదిలి హిందూపురం వచ్చేశాడు. అది 1999. ఇప్పుడు 2001 మార్చి. సొంతంగా కట్టుకున్న పాటలు తొమ్మిది ఉన్నాయి, మాటలు లేనివి. గిటారు ఒక్కటే, అతనొక్కడే. వాటిని రికార్డు చేసి ఇవ్వడానికి క్యాసెట్ల కంపెనీ నితిన్ నెలాఖరు దాకా గడువిచ్చాడు. ఏప్రిల్ నుంచి వాళ్ళు వేసేవి కుర్రవాళ్ళ సీడీలేనట.

ఇబ్బంది ఒకటే. సాల్మన్ ఒంటరిగా వాయిస్తే శబ్దం అక్కడ నిలవదు. నేలలోకి దిగి రైలు పట్టాల వెంబడి పోతుంది. హిందూపురంలో ఏడింటికి వాయిస్తే, ఏడూ యాభైకి పెనుకొండ స్టేషన్లో చివరి కొళాయి దగ్గర వినిపిస్తుంది. తొమ్మిదీ పదికి ధర్మవరంలో గంగాధర్ అనే నేతగాడి ఇంట్లో, మగ్గం గుంతలోంచి పైకి వస్తుంది. పక్కన డ్రమ్ము మోగుతుంటే మాత్రం దాన్ని పట్టుకుని ఉన్నచోటే ఉంటుంది. అందుకే బ్యాండులో ఉన్నన్నాళ్ళూ ఈ తంటా రాలేదు.

ఫిబ్రవరిలో బెంగుళూరు స్టూడియోలో మూడు గంటలు వాయించాడు. టేపు మీద వేళ్ళు తీగలకు రాసుకున్న చప్పుడు తప్ప ఏమీ పడలేదు. మర్నాడు రైల్లో ధర్మవరం పోతుంటే పెనుకొండలో టీ అమ్మే కొండప్ప రైలు కిటికీ దగ్గరికొచ్చి, "ఏమప్పా, నిన్న సాయంత్రం వచ్చె నీది. బాగుండాది. మధ్యలో గూడ్సు అడ్డమొచ్చె, ఒక పాట సరిగ్గా వినపడలే," అన్నాడు.

గూడ్సులు, టీ కేకల మధ్య పెనుకొండలో రికార్డింగు కుదరదు. మిగిలింది ధర్మవరం.

పోయిన ఆదివారం నితిన్ అరువిచ్చిన రికార్డరు సంచిలో పెట్టుకుని గంగాధర్ ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసింది కూతురు అశ్విని. లోపల గంగాధర్ మగ్గం గట్టు మీద కూర్చుని ఉన్నాడు, భుజాన తువ్వాలు, కాళ్ళు గుంతలో. సాల్మన్‌ను చూసి తలాడించాడు. మగ్గానికి పోగు లేదు.

"మగ్గం ఆడతాండాదా?" అని సాల్మన్ గడప బయటి నుంచే అడిగాడు. తిరుగు రైలుకు ఇరవై నిమిషాలే ఉంది.

"లేదన్నా. ఏడాది పైనే అయె."

"మంచిదాయె."

అశ్విని అతని మొహంలోకి ఒకసారి చూసింది.

"గురువారం తొమ్మిదీ పదికి మొదలైతాది," అన్నాడు. "ఈ ఎర్ర మీట నొక్కల్ల. ఐదు పాటలైనాక రెండు నిమిషాలు ఆపుతా, అప్పుడు టేపు తిప్పు. నడుస్తాన్నంతసేపు ఎవరూ మాట్లాడగూడదు. చెంబు కూడా కదలగూడదు."

"సరే అన్నా," అంది అశ్విని.

ఆ గురువారమే ఇవాళ. తీగలు తుడిచి బిగించి, సరిగ్గా ఏడింటికి మొదలుపెట్టాడు. గదిలో వేళ్ళ గరగర తప్ప ఏమీ వినిపించలేదు. పాటలు బాగా వచ్చాయో లేదో అతనికే తెలియదు. ఐదో పాట తర్వాత గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు ఆగాడు. తొమ్మిదో పాట అయ్యేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. తర్వాత స్టేషన్ దాకా పోయి వచ్చాడు, ఊరికే.

మర్నాడు అశ్విని రైల్లో పంపిన టేపు చేరింది. ఎస్తేరుతో కలిసి విన్నాడు. వేరే వాయిద్యాలు లేకుండా తన వాయింపు ఒక్కదాన్నే వినడం అతనికి అదే మొదలు. మొదటి అర నిమిషం ఊపిరి కూడా బిగబట్టాడు. ఆ తర్వాత వినపడింది. దబ్. కాసేపటికి మళ్ళీ, దబ్.

"మగ్గం!" అన్నాడు సాల్మన్ లేచి నిలబడి. "కాళ్ళతో తొక్కే చెక్క చప్పుడది! చెంబు కూడా కదలగూడదంటి గదా! ఇరవై రెండేండ్లు డ్రమ్ము ఎనకాల నిలబడితి. ఈ ఒక్కటన్నా నాది ఒక్కనిది ఉండనీరా?"

"కూర్చోరా సాల్మనూ. పూర్తిగా విను."

వినలేదు. ఎస్.టి.డి. బూతుకు పోయి నితిన్‌కు ఫోన్ చేశాడు.

"తీసేయొచ్చు సార్," అన్నాడు నితిన్. "మా ఇంజనీరుకు ఒక పూట పని. దాంతోపాటు మీది కొంచెం పోతుంది, అంతే. రేపు పొద్దునకల్లా ఏదో ఒకటి చెప్పండి."

ఆ సాయంత్రం నాలుగుసార్లు విన్నాడు, గదిలో తిరుగుతూనే. నాలుగోసారి కోపం తగ్గి చెవులు పనిచేశాయి. మొదటి పాటలో ఆ చప్పుడు తాళానికి చాలా వెనకబడి ఉంది, బరువుగా, ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టు. మూడో పాటలో రెండు తప్పితే ఒకటి కుదిరింది. టేపు తిప్పాక ఆరో పాట నుంచి ఒక్కటీ తప్పలేదు. సాల్మన్ ఒకచోట పొరపాటున అర మాత్ర తొందరపడితే, అది ఆగి, అతను సర్దుకునేదాకా నిలబడింది.

బ్యాండులో ఎవరూ అట్లా నిలబడలేదు.

పొద్దున్నే బూతుకు వెళ్ళాడు. "ఉండనీ," అన్నాడు.

"మరి అట్ట మీద ఒక్కరి పేరే వేయాలా సార్?"

"గంగాధర్ అని కూడా వెయ్యి. ఇంటిపేరు కనుక్కుని చెప్తా."

ఇంటిపేరు అడుగుతూ ధర్మవరానికి కార్డు రాశాడు. పదకొండో రోజు జవాబు వచ్చింది. వాకిట్లో నిలబడే చదివాడు.

"సాల్మన్ అన్నకు అశ్విని వ్రాయునది. మా ఇంటిపేరు బండారు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. పోయిన ఏడాది జనవరిలో పక్షవాతం వచ్చినప్పటి నుంచి నాయన కుడికాలు కదల్లేదు. ఎత్తుకొచ్చి మగ్గం కాడ కూర్చోబెడితేనే ఆయనకు పొద్దుపోయేది. టేపులో చప్పుడు చేసింది ఆ కాలే. మీరు మాట్లాడొద్దంటిరి, అందుకే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని కూర్చున్నా. నిన్న ఎవరినీ పట్టుకోకుండా ఒక్కడే వాకిలి దాకా నడిచినాడు."