నీళ్ల కింద ఎవరూ మాట్లాడరట

ఆ ఇంట్లో మంచి వస్తువుకి పట్టిన గతి పగవాడికి కూడా వద్దు. సోఫాకి కొన్ననాడు తొడిగొచ్చిన ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. ఎండాకాలం కూర్చుని లేస్తే చర్మం కొంత దానికే వదిలేసి రావాలి. పింగాణీ ప్లేట్లు అద్దాల బీరువాలో కాపురం చేస్తుంటాయి. వాటిలో తినదగినంత పెద్ద చుట్టం ఇంకా పుట్టలేదు. మంచిది ఏదైనా చివరికి దాచాలి. అది అత్తగారు రాసిన రాజ్యాంగం. అమలు చేసేది ఆవిడ కొడుకు.

ఆ కొడుకుని చుట్టాలందరూ చాటుగా ‘కమిటీ’ అంటారు. నలుగురితో నారాయణ అని నమ్మిన మనిషి. ఫ్రిజ్ కొనాలన్నా, బాత్రూములో కుళాయి మార్చాలన్నా ఆదివారం సాయంత్రం వీడియో కాల్ పెడతాడు. పక్కన అమ్మ, అవతల చెల్లెలు, చెల్లెలి మొగుడు. అందరి అభిప్రాయాలూ ఓపిగ్గా విని, ఎవరినీ నొప్పించకుండా, చివరికి ఎవరికీ నచ్చనిది కొంటాడు. వంటింట్లో ఉన్న ఊదారంగు ఫ్రిజ్ అలా వచ్చిందే.

అతని భార్య కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పని చేస్తుంది. “మీ ఇంట్లో ఉందా కరెంటు? ఉందిగా? మరి మాకెందుకు లేదు?” అని ఎవరో అరుస్తారు. “అసౌకర్యానికి చింతిస్తున్నామండీ” అంటుంది. ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా అది తనే తీసి పర్సులో పెట్టుకున్నట్టు తిట్టించుకుని ఇంటికొస్తే, గుమ్మంలో అత్తగారు. మంచి మనిషి, పాపం. కడుపులో ఏదీ దాచుకోదు. పొద్దున కోడలు వెళ్లినప్పటినుంచి సాయంత్రం వచ్చేదాకా తనకి తోచిన ప్రతి మాటా పోగుచేసి ఉంచి, చెప్పులు విప్పకముందే అందిస్తుంది. ఆ ఇంట్లో చివరికి దాచనిది అదొక్కటే.

ఒకరోజు మధ్యాహ్నం పక్క సీటావిడ ఫోన్లో వీడియో చూపించింది. నల్లటి బట్టలు, వీపున సిలిండర్లు, నీలం నీళ్లలో మనుషులు గాల్లో తేలినట్టు తేలుతున్నారు.

“వీళ్లు లోపల మాట్లాడుకోరా?” అంది ఆమె.

“నోట్లో గొట్టం పెట్టుకుని ఎలా మాట్లాడతారే తల్లీ? సైగలే.”

“ఎంతసేపుంటారు?”

“ముప్పావుగంట ఉంటారట.”

ముప్పావుగంట! పెళ్లయిన తర్వాత ఆమెతో ఎవరూ అంతసేపు మాట్లాడకుండా ఉన్నది ఒక్కసారే, ఆపరేషన్ బల్ల మీద. అప్పుడూ మత్తు డాక్టరు ఏదో అడుగుతూనే ఉన్నాడు.

ఆ వారమే ఈతకొలనులో ఆడవాళ్ల బ్యాచిలో చేరింది. మొదట్లో గట్టుని బల్లిలా కరుచుకుని వదల్లేదు. కోచ్ లావుపాటి ఆవిడ, మెడలో విజిలు. “ఏమ్మా, గోడకి పెళ్లి కుదిరిందా? వదులు!” అని కేకలేసేది. వదిలింది. మునిగింది. నాలుగు గుటకలు నీళ్లు మింగింది. కానీ ఆ మునిగిన కాసేపట్లో చెవుల్లో ఏమీ వినపడలేదు. విజిలు కూడా. తేలాక కోచ్ పెదవులు కదులుతున్నాయి, తిడుతోందని తెలుస్తోంది, ఒక్క ముక్కా వినపడటం లేదు. అంత హాయి ఆమె ఎరగదు. వానాకాలం వెళ్లేసరికి కొలను ఈ చివరినుంచి ఆ చివరికి నీళ్ల అడుగునే వెళ్లేది. కోచ్ విజిలు ఊదటం మానేసి చూసేది.

ఇక మిగిలింది సముద్రం. టికెట్టు కొనుక్కుని ఒక్కతే వెళ్లిపోతే పోయేది. మొగుడికి చెప్పింది.

“విదేశంలో స్కూబా డైవింగా!” అన్నాడు కమిటీ. కళ్లు మెరిశాయి. “బ్రహ్మాండంగా ఉంటుంది. వెళ్దాం. నువ్వు ఈ మధ్య ఏమీ అడగనే లేదు కూడానూ.” ఆమెకి అతని మీద పాత ఇష్టమేదో కదిలింది. అప్పుడన్నాడు: “ఆదివారం కాల్‌లో పెడదాం.”

ఆదివారం కాల్‌లో పెట్టారు. ఇద్దరి ప్రయాణం పది నిమిషాల్లో ఐదుగురిది అయింది.

“నన్ను ఒక్కదాన్నే ఇంట్లో పడేసి పోతారట్రా?” అంది అత్తగారు. “నాకేం, రావద్దంటే రాను. రమ్మని ఒక్కసారి అని చూడండి.”

“వదినా, నీళ్లు చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. అయినా మీతో వస్తే ఆ సరదా వేరు” అంది ఆడపడుచు.

ఆవిడ మొగుడు గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడో ఆఫీసు పని మీద పెద్ద పడవలో ఒక రోజు ప్రయాణం చేశాడు. అప్పటినుంచీ చుట్టాల్లో సముద్రానికి సంబంధించిన ఏ సంగతైనా ఆయన్నే అడగాలి. ‘కెప్టెన్’ అంటే వద్దనడు. ఆ ప్రయాణమంతా వాంతులు చేసుకుంటూ పడుకున్నాడని భార్య ఒకసారి నోరుజారింది గానీ, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

“సముద్రమంటే ఆషామాషీ కాదు చెల్లెమ్మా,” అన్నాడు కెప్టెన్. “డైవింగు చివరి రోజు పొద్దున పెట్టుకుందాం. ముందే మునిగి ఏమైనా అయిందనుకో, టూరంతా పాడు. చివరి రోజైతే, ఏమన్నా అయినా అన్నీ చూసేసి ఉంటాం కదా.”

“అదీ నిజమే,” అన్నాడు కమిటీ.

“మంచిది చివర్లోనే బాగుంటుందిరా,” అంది అత్తగారు.

చచ్చిపోతే చివరి రోజు చావమన్న మాట. ఇంత ప్రేమగా ఎవరు చెప్తారు? ఆమె సరేనంది. ఎలాగైతేనేం, ముప్పావుగంట దొరికింది. టికెట్లు కొనేశారు. తిరుగు విమానం ఆ చివరి రోజు సాయంత్రమే.

మర్నాడు ఆఫీసులో టీ వేళ అవతలి దేశంలో డైవింగు నేర్పే మనిషికి ఫోన్ చేసింది. అతను మర్యాదగా అంతా విని, ఒక్క మాటే అడిగాడు: తిరుగు విమానం ఎప్పుడు? చెప్పింది. అయితే కుదరదన్నాడు. లోతుకి దిగినవాళ్లు ఒక రోజైనా నేల మీద గడిపాకే విమానం ఎక్కాలట. మొదటి రోజో రెండో రోజో వచ్చెయ్యమన్నాడు. అంత చిన్న విషయం.

అంత చిన్న విషయాన్ని మళ్లీ ఆదివారం కాల్‌లో పెట్టారు.

“వాళ్లు అలాగే అంటారు, హోటల్లో ఇంకో రోజు ఉంచాలని,” అన్నాడు కెప్టెన్.

“కాదు అన్నయ్యగారూ. నీళ్ల కింద పీల్చిన గాలి రక్తంలో ఉండిపోతుందట. వెంటనే అంత పైకి వెళ్తే బుడగలు కడుతుందట.”

“రక్తంలో బుడగలా!” అత్తగారు గుండె మీద చెయ్యేసుకుంది. “వద్దు తల్లీ, వద్దే వద్దు. మన ఇళ్లల్లో ఇప్పటిదాకా ఎవరికీ బుడగలు లేవు.”

“అయితే వదిన మునగొద్దు,” అంది ఆడపడుచు. “ఆ డ్రెస్సులు అద్దెకి తీసుకుని ఒడ్డున నిలబడి ఫొటోలు దిగుదాం. అందరం దిగుదాం. ఫొటోలో మునిగామా లేదా ఎవరికి తెలుస్తుంది?”

“డైవింగు మొదటి రోజుకి మారిస్తే చాలు,” అంది ఆమె.

“మొదటి రోజు మా షాపింగు కదా వదినా. ఆ సంత వారానికి ఒక్కసారేనట.”

“రెండో రోజు?”

“అమ్మకి పడవ షికారు,” అన్నాడు కమిటీ. “మూడో రోజు బావ కోసం ఓడల మ్యూజియం. ఒకరి కోసం అందరినీ ఇబ్బంది పెట్టడం...” అని నీళ్లు నమిలాడు.

“ఎవరినీ పెట్టొద్దు. మీరంతా ఆ సాయంత్రం వచ్చెయ్యండి. నేను ఒక్కదాన్నీ ఆగి, మర్నాడు విమానంలో వస్తాను.”

కాల్ తెగిపోయిందేమోనని ఆడపడుచు “హలో? హలో?” అంది. తర్వాత అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. పరాయి దేశంలో ఒక్కతీనా? అడిగినవాళ్లకి ఏం చెప్పుకుంటాం? ఏం, మేమేం తక్కువ చేశాం? ఎవరితో గొడవపడి ఆగిపోయిందంటారు?

చివరికి కెప్టెన్ ఓటింగు పెట్టాడు. ఆమె ఉండకూడదని మూడు, ఉండాలని ఒకటి. ఆ ఒకటీ ఆమెదే.

“మరి మీరు?” అంది ఆమె మొగుడితో.

“నేను అధ్యక్షుణ్ణి కదా,” అన్నాడు కమిటీ. “నాకు ఓటుండదు.”

కాల్ అయ్యాక, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు, మళ్లీ అడిగింది. “వాళ్లకేమనిపించిందో విన్నాను. మీకేమనిపించింది? ఒక్క మాట చెప్పండి చాలు.”

అతను నిజంగానే ఆలోచించాడు. పాపం, చాలా కష్టపడ్డాడు. “ఈ మాట కాల్‌లోనే అడగాల్సింది,” అన్నాడు. “అందరినీ కనుక్కునేవాణ్ణి.”

రెండు రోజులు పోయాక ఆఫీసులో సెలవు దొరకలేదని చెప్పింది. అది అబద్ధమని మొగుడికి తెలుసు, తెలిసిందని ఆమెకి తెలుసు. “అయ్యో” అన్నాడు. ఆమెకి బాధలో బాధగా ఒక ఆలోచన వచ్చింది. వాళ్లు నలుగురూ వెళ్తే నాలుగు రోజులు ఇల్లు ఖాళీ. ఆఫీసునుంచి వచ్చి, తలుపేసి, ఫోను ఆపేసి, దీపం కూడా వెయ్యకుండా నేల మీద వెల్లకిలా పడుకుంటే? సముద్రం కాకపోతేనేం. ముప్పావుగంటేమిటి, రాత్రంతా. ఆ సంతోషంలో అందరి బట్టలూ ఇస్త్రీ చేసింది. ప్రయాణానికని మొగుడితో వచ్చి దిగిన ఆడపడుచుకి పెట్టె తాళం కుదరకపోతే దాని మీదెక్కి కూర్చుని మరీ వేసింది. “వదినది ఎంత మంచి మనసో, వెళ్లట్లేదని రవ్వంత కూడా బాధ లేదు” అని ఆడపడుచు తల్లితో చెప్పి కళ్లు తుడుచుకుంది.

ఆ మాటే కొంప ముంచింది.

ప్రయాణం రోజు పొద్దున కారు వచ్చి నిలబడింది. పెట్టెలు ఎక్కించారు. మూడే పెట్టెలు. ఆమె నాలుగోదాని కోసం వెతుకుతుంటే, అత్తగారు ఇంట్లో కట్టే పాత చీరలో గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

“అదేంటత్తయ్యా, ఇంకా తయారవలేదు?”

“నిన్నే అందరం అనుకున్నాం. నీకు చెప్తే ఒప్పుకోవని చెప్పలేదు,” అన్నాడు కమిటీ, బహుమతి విప్పి చూపించేవాడిలా. “అమ్మ ఆగిపోతోంది. నీకు తోడు.”

“వద్దు!” అంది ఆమె. మరీ గట్టిగా వచ్చింది. “మీ పడవ షికారు అత్తయ్యా, ఎంత ముచ్చటపడ్డారు! వెళ్లండి. నాకేం ఫరవాలేదు, నిజంగా!”

“చూశావురా? తనకి లేకపోయినా నేను వెళ్లాలట!” అత్తగారు కొడుకు వైపు తిరిగింది. కోడలి తల నిమిరింది. “పడవదేముందే, పిచ్చిదానా. నిన్నొక్కదాన్నీ ఈ ఇంట్లో పలకరించే దిక్కు లేకుండా వదిలేసి నేను షికారు తిరుగుతానా? నేనంత పాపిష్టిదాన్నా?”

ముగ్గురూ చెయ్యి ఊపుకుంటూ వెళ్లిపోయారు. కారు మలుపు తిరిగేదాకా ఆమె గేటు పట్టుకుని నిలబడింది. అత్తగారు లోపలికి లాక్కొచ్చి, తలుపు గడియ పెట్టి, కుర్చీ ఎదురుగా కుర్చీ వేసింది.

“హమ్మయ్య. ఎప్పుడూ ఎవరో ఒకరు అడ్డం. ఇన్నేళ్లకి మనిద్దరం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే వీలు చిక్కింది. ఇంతకీ మొన్న మా పెద్దమ్మ కోడలి సంగతి సగంలో ఆపేశాను కదూ... సరే, మొదటినుంచీ చెప్తాను, లేకపోతే నీకు అర్థం కాదు. ఆ పిల్ల కాపురానికొచ్చిన ఏడు... వింటున్నావా?”

“వింటున్నానత్తయ్యా.”

“మరి ఊ కొట్టవేం? ఊ కొట్టకపోతే నాకు చెప్పబుద్ధి కాదు.”

ఆమె ఊ కొట్టింది.